తెల్లారి ఎత్తకూడని మాట

మా మేనత్త పోయిందని కోరుట్ల నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను సిరిసిల్లలో, సాంచాల కార్ఖానాలో కూర్చుని ఆనాటి లెక్క రాసుకుంటున్నాను. మరమగ్గాల చప్పుడులో సరిగా వినపడక బయటికొచ్చాను. మాట్లాడుతున్నది అత్త పక్కన కూర్చుని ఏళ్లుగా బీడీలు చేసిన ఆవిడ.

"అన్నా, వదినె లేదు. పొద్దున ఆకు తడుపుకుంట అట్లనే ఒరిగింది" అన్నది. మళ్లీ తనే, "ఇగ ఆమె కోసం ఎవలు ఏడుస్తరో" అన్నది.

ఏడ్చేవాళ్లు లేక అన్న మాట కాదు అది. వాడకట్టంతా ఆమె మనుషులే. కానీ చావింట్లో శోకం తీయాలంటే అందరూ మా అత్త నోటివైపే చూసేవారు. ఆ నోరు మూతపడి అప్పటికే చాలా కాలమైంది. ఎందుకు మూతపడిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను మాట తక్కువ మనిషిని. లెక్కలు తప్ప వేరే రాసిన అలవాటు లేదు.

అత్త ఒళ్లో ఎప్పుడూ చాట ఉండేది. ఆకు, తంబాకు, దారం. చేతులు వాటి పని అవి చేస్తుంటే ఆమె మాత్రం గల్లీలో పోయేవాళ్లను పలకరించేది. ఎవరి ఇంట్లోనైనా చావు అంటే చాట గోడకు ఆనించి లేచేది. వెళ్లి శవం కాళ్ల దగ్గర కూర్చుని, కొంగు నెత్తి మీదికి లాక్కుని, కొంతసేపు ఊరికే ఉండేది. తర్వాత మొదలుపెట్టేది. బంగారమంటివాడివనీ దేవుడివంటివాడివనీ అనేది కాదు. పోయినవాళ్ల చిన్నచిన్న సంగతులు, వాళ్లు దాచుకున్న బాధలు, వరసపెట్టి రాగంలో చెప్పేది. మా నాయిన పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. "సైకిల్ బెల్లు కొట్టంది వాకిట్లకు రాకపోతివి అన్నా, ఇగ నువ్వచ్చింది మాకెట్ల ఎరుకైతది" అని ఆమె అన్నప్పుడు గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆ రుణం నేను ఏ లెక్కలోనూ రాయలేదు.

మా దిక్కు ఒక కట్టుబాటు ఉంది. శోకంలో అన్న మాటను తెల్లారి ఎవరూ ఎత్తరు. అత్తింటి ఆరళ్లు, మొగుడి తప్పులు, ఆకలి, అన్నీ అందులో బయటికొస్తాయి. మరునాడు వాటి మీద పంచాయితీ ఉండదు, ఎత్తిపొడుపు ఉండదు. "శోకంల మాట సాక్ష్యం గాదు అల్లుడా. అది పీనుగ ఎంబడే పోవాలె" అనేది అత్త. చావు లేని చోట ఆ రాగం తీయకపోవడం ఇంకో కట్టుబాటు. బీడీలు చేస్తున్నప్పుడు ఎవరైనా సరదాకు "ఒక్కపారి అనరాదు వదినే" అంటే, "ఎవల్ని సంపుమంటవ్? నిన్నేనా?" అని నవ్వేది.

ఆమె గోడ పక్క ఇంట్లో ఒక తల్లీ కొడుకూ ఉండేవారు. తండ్రి దుబాయ్ పోయి ఇంటి ముఖం మరిచిపోయాడు. తల్లి అత్తతో కలిసి బీడీలు చేసేది. కొడుకు జగిత్యాలలో డిగ్రీ చదివేటప్పుడు ఆమె జబ్బు చేసి పోయింది. అత్త ఆ రోజు తీసిన శోకం విన్నవాళ్లలో నేనూ ఉన్నాను. అందులోని మాటలన్నీ ఇక్కడ రాయను. లోకమంతా విన్న ఒక్క మాట మాత్రం రాయక తప్పదు. "ఫోను రాకున్నా అచ్చిందంటివి చెల్లే, ఉత్త ఫోను చెవుకు పెట్టి నవ్వితివి చెల్లే" అన్నది అత్త. పోయినావిడ వాకిట్లో నిలబడి మొగుడితో మాట్లాడుతున్నట్టు నవ్వడం మేమందరం చూసినవాళ్లమే. అవతల ఎవరూ లేరని అత్తకు ఒక్కదానికే తెలుసు. మరునాడు ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత ఆ పిల్లవాడు చాలా రోజులు అత్త చేతి అన్నమే తిన్నాడు. పెద్దమ్మా అని పిలిచేవాడు. ర్యాప్ పాటలు కట్టడం మొదలుపెట్టాడు. సాంచాల చప్పుడు మీద, కోరుట్ల బస్టాండు మీద గబగబా అల్లిన పాటలు. మా కార్ఖానాలో పనివాళ్లు మగ్గం దెబ్బకు సరిగ్గా సరిపోయేలా వాటిని పాడుకునేవారు. పేరొచ్చింది, హైదరాబాద్ పోయాడు. ఆపైన కొన్నేళ్లు అయిపూ అజా లేదు. తాగుతున్నాడన్నారు, మానేశాడన్నారు. ఒకరోజు ఉన్నట్టుండి కొత్త ఆల్బమ్ వచ్చింది. నల్లటి అట్ట, పేరు కూడా కనపడీ కనపడనట్టు.

మా దగ్గర వారమంతా అదే ముచ్చట. "గిదేందన్నా, పాటలా ఇవి? ఇంట్ల దీపం పెట్టనట్టున్నయ్" అన్నాడు పాత మగ్గం మీది మనిషి. "నీకు డాన్సు గావాలె. వాడు ఇప్పుడే నిజం చెప్పిండు" అన్నాడు ఇంకొకడు. "నిజం జెప్పనీకె ఇన్నేండ్లు వట్టిందా? పాత పిలగాడే మంచిగుండె." జగిత్యాల కాలేజీ పిల్లలు ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని కళ్లు తుడుచుకుంటున్నారని చెప్పుకున్నారు. చివరి పాటలో ఎవరో ముసలామె ఏడుపు ఉందనీ, ఒళ్లు జలదరిస్తుందనీ అందరూ అన్నారు. మగ్గాల చప్పుడులో నేను ఆ పాట దాకా వినలేదు.

ఆ రోజుల్లోనే అత్తను కంటి ఆపరేషన్ తర్వాత చూపించడానికి జగిత్యాల తీసుకుపోయి, ఆటోలో కోరుట్లకు తిరిగొస్తున్నాం. డ్రైవర్ పాటలు పెట్టాడు. ఒక పాట మధ్యలో రాగం వినపడింది. అత్త సీటులో ముందుకు జరిగింది. "ఎవలో పోయిండ్రు. ఆపుమను" అని నెత్తి మీదికి కొంగు లాక్కుంది. ఆమెకు కన్ను ఇంకా మసక. రోడ్డు పక్క చావిల్లు ఉందనుకుంది. తర్వాత తన గొంతు తనకు తెలిసింది. కొంగు పట్టుకున్న చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

డ్రైవర్ అద్దంలో చూస్తూ, "మస్తుంటది గదా అవ్వా? ఆ ముసల్దానికి మంచిగ నేర్పిచ్చిండ్రు" అన్నాడు.

ఇల్లు చేరాక అత్త కాళ్లు కడుక్కుని లోపలికి పోయింది, చావింటి నుంచి వచ్చినట్టు.

తర్వాత ఆ ఉత్త ఫోను మాట ఎక్కడికి పోతే అక్కడికి వచ్చింది. పాట కింద జనం రాసే అభిప్రాయాల్లో ఆ తల్లి మొగుడి గురించి వాదులాట. నిజంగా ఫోన్ రాలేదా, కల్పించారా అని. కొందరు ఆ గొంతును రింగ్‌టోన్ పెట్టుకున్నారు. కోరుట్లలో మంగలి షాపులో ఒకాయన, "ఏడ్సింది ముసల్ది, పేరు వానిది" అన్నాడు. దానికి పక్కవాడు, "వాని తల్లి, వాని ఇష్టం" అన్నాడు. మా కార్ఖానాలో నేను ఫోన్ ఎత్తితే చాలు, "నిజంగనే అచ్చిందా అన్నా, ఉత్త ఫోనా?" అని నవ్వేవారు. వాళ్లకేం తెలుసు. ఒక ఆడమనిషి బతికున్నన్నాళ్లు పరువుగా కాపాడుకున్నది మా మగ్గాల మధ్య పరాచికమైంది.

ఆ పిల్లవాడు ఒక ఆదివారం అత్తను చూడటానికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. కాళ్లకు మొక్కాడు. చీర తెచ్చాడు.

"ఆ ఏడుపు ఎప్పుడు వట్టుకున్నవ్ రా?" అని అడిగింది అత్త.

"ఆ రోజే పెద్దమ్మా. జేబుల ఫోనుండె. అమ్మ గురించి నువ్వన్నది మల్లొకపారి ఇనాలని. ఇన్నేండ్లు ఒక్కన్నే ఇన్న."

"ఒక్కనివే ఇంటె నేనేమంటుంటి?"

"మా అమ్మ కోసమే గదా ఏడ్సినవ్. అది నాది గాదా?"

"మీ అమ్మ నీదే. శోకం నీది గాదు, నాది గూడ గాదు. ఆమెతోని పోయింది. నువ్వు మల్ల తీస్కచ్చినవ్."

"అమ్మ కష్టం అందరికి తెల్సింది పెద్దమ్మా. మంది ఏడుస్తున్రు."

"తెల్వద్దనే గదరా ఆమె నవ్వింది."

తీసేయమంటే పాట తీసేస్తానన్నాడతను. "మంది నోట్లకెల్లి తీస్తవా?" అన్నది అత్త. లేచి కంచం పెట్టింది. "తిను. అలిగితె బువ్వ మీద గాదు." అతను తిన్నాడు. చీర అక్కడే అరుగు మీద పెట్టి పోయాడు. అత్త దాన్ని ముట్టలేదు. పాట ఇప్పటికీ ఉంది.

కొన్నాళ్లకు ఆ గల్లీలోనే ఒక పెద్దాయన పోయాడు. అత్త ఎప్పటిలాగే వెళ్లి కాళ్ల దగ్గర కూర్చుంది. కొంగు లాక్కుంది. ఆడవాళ్లందరూ ఎదురుచూశారు. గోడ మీదుగా ఎవరో ఫోన్ ఎత్తి పట్టుకున్నారు. ఆమె దానివైపు చూసి, కొంగుతో మూతి తుడుచుకుని, లేచి వచ్చేసింది. మళ్లీ ఏ చావులోనూ నోరు తెరవలేదు. "ఎవలి ముచ్చట ఎటు వోతదో అల్లుడా" అన్నది నాతో. "ఏడ్వని సావు దారం గట్టని బీడీ. ఇప్పుకపోతది. నాకెర్కే. కని ఏం జెయ్యాలె?"

ఆ రోజు ఫోన్ వచ్చాక నేను కోరుట్ల చేరేసరికి అత్తను వాకిట్లో పడుకోబెట్టారు. ఆ పిల్లవాడు కూడా వచ్చాడు. గల్లీ పిల్లల ఫోన్లన్నీ అతనివైపు తిరిగాయి. శవం చుట్టూ ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ మొదలుపెట్టలేదు.

నాకు ఫోన్ చేసిన ఆవిడ లేచింది. గోడకు ఆనించి ఉన్న అత్త చాట తీసింది. ఒక్కొక్కరి ముందుకే తెచ్చి పట్టింది. "ఫోన్లు ఇందుల ఎయ్యుండ్రి. మా వదినె కోసం మేం ఏడ్వాలె."

"అక్కా, నాకు అర్జెంటు ఫోనస్తది" అన్నాడొక కుర్రాడు.

"పీనుగ కంటె అర్జెంటు ఏముంటదిరా? ఎయ్."

నేను వేశాను. చాట అతని ముందుకొచ్చింది. అతను జేబులోంచి ఫోన్ తీసి, చివర్న, మెల్లగా పెట్టాడు. ఆవిడ చాటను గేటు బయట అరుగు మీద ఉంచి, ఆకు తడిపే గోనె సంచి కప్పింది. మగవాళ్లందరినీ బయటికి పంపి ఇనుప గేటు వేసింది.

చాలాసేపటికి లోపల ఒక గొంతు లేచింది, వణుకుతూ, రాగం కుదరక. ఇంకోటి కలిసింది. ఇంకోటి. మాటలు మా దాకా రావడం లేదు. అతను గేటుకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఒకటి రెండు మాటలు నా చెవిన పడ్డాయి. అవి ఇక్కడికి రావు.

అప్పుడు గోనె కింద ఎవరిదో ఫోన్ మోగింది. మా అత్త గొంతు. ఉత్త ఫోను చెవుకు పెట్టి అంటూ. ఎవరూ నాదని ముందుకు రాలేదు. అతను కూడా కదల్లేదు. లోపల ఏడుపు ఆగలేదు. మోగినంతసేపు మోగి అదే ఆగింది. తడి గోనె సందుల్లోంచి కొంచెం వెలుతురు కనపడి, పోయింది.