పదకొండు గంటల చీర

పదవీ విరమణకు ముందు ఏడాది కార్తీకంలో నేను బెంగళూరు విమానాశ్రయంలో సీనియర్ ఫ్లైట్ డిస్పాచర్‌ని. విమానం ఏ దారిన పోవాలి, ఎంత ఇంధనం నింపాలి, ఎంతసేపు ఎగురుతుంది అన్నవి కాగితం మీద తేల్చడం మా పని. ఆ కాగితం మీద కెప్టెన్ సంతకం పక్కన నా సంతకమూ ఉండేది. ఆ సంగతి నలుగురికీ చెప్పుకోవడం నాకు అలవాటు.

ధర్మవరంలో మా పాత ఇరుగింటి చౌడప్ప ఫోన్ చేశాడు. అతనిది పట్టుచీరల మగ్గం. సిడ్నీలో నర్సుగా ఉన్న మేనకోడలికి అక్కడే పెళ్లి. పెళ్లిచీర మేనమామ పెట్టాలి, అదీ తన చేత్తో నేసిందే పెట్టాలని అతని పట్టుదల. ముహూర్తం ఆదివారం ఉదయం తొమ్మిదీ పది. పెళ్లికొడుకు బంధువొకాయన చీర తీసుకుపోతాడు. శుక్రవారం పోవాలా, శనివారం పోయినా చాలా అన్నదే ప్రశ్న. కొంగు నేయడానికి ఇంకో రోజు కావాలట.

ఎన్ని గంటల ప్రయాణమని అడిగాడు. తొమ్మిది వేల కిలోమీటర్ల పైచిలుకు దూరమనీ, వెనక గాలి తోడు కాబట్టి పదకొండు గంటలనీ, తిరిగొచ్చేటప్పుడు ఇంకో గంట ఎక్కువనీ చెప్పాను. అడగనివి కూడా చెప్పాను. శనివారం సాయంత్రం ఆరున్నరకు బయలుదేరితే తెల్లవారి అయిదున్నరకు దిగుతుందని అతను లెక్క వేసుకున్నాడు. నేను సరేనన్నాను.

శనివారం ఆ విమానం నా వంతుకే వచ్చింది. మా పనిలో ప్రపంచమంతటికీ ఒకటే గడియారం, గ్రీనిచ్ టైము. ఊళ్ల టైములతో నాకు ముప్ఫై ఏళ్లుగా పని పడలేదు. విమానం లేచాక, ప్రయాణికుల విభాగం వాళ్ల కాగితంలో సిడ్నీలో దిగే స్థానిక సమయం కనిపించింది. ఉదయం పదకొండు. ఆ నెలల్లో సిడ్నీ మనకన్నా అయిదున్నర గంటలు ముందుంటుంది. చీర దిగేసరికే ముహూర్తం దాటిపోతుంది.

చౌడప్పకు ఫోన్ చేసి ఉన్నమాట చెప్పాను.

"అన్నా, ఆ బిడ్డ అంగడి చీర కట్టుకోని పీటల మీద కూర్చుంటే నేనేం మేనమామను?" అన్నాడు.

నాకు సిగ్గేసింది. ముహూర్తం మధ్యాహ్నానికి జరపడానికి వీలుందేమో కనుక్కుంటానని అతను, ఆ ముహూర్తం పెట్టిన ధర్మవరం పురోహితుడి ఇంటికి పోయాడు.

అరగంటకు మళ్లీ ఫోన్. అయ్యవారు కోప్పడ్డాడట. "యాల జరపాలప్పా? తొమ్మిదీ పది అంటే ఈడి టైము. నా పంచాంగం ఈడిది. ఆడ పొద్దు ఎప్పుడు పుడ్తాదో నాకేం ఎరుక?" అన్నాడట.

అంటే సిడ్నీలో మధ్యాహ్నం రెండూ నలభై. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా. వెంటనే సిడ్నీకి చెప్పినా, అతిథులందరికీ కబురు అందలేదు. పొద్దున్నే వచ్చినవాళ్లకు ముందు భోజనాలు పెట్టి, తర్వాత పెళ్లి చేశారు. చీర ఒంటిగంటకు చేరింది. పిల్ల అదే కట్టుకుంది.

చౌడప్ప అడిగింది ప్రయాణం గురించే అయినా, అతనికి కావలసింది చీర ఎప్పటికి అందుతుందన్నది. ఇప్పుడెవరైనా ఎన్ని గంటలని అడిగితే, ఏ ఊరి గడియారం ప్రకారం ఎప్పటికి అక్కడుండాలో ముందు నేనే అడుగుతున్నాను. ఆ పెళ్లికి తప్పు లెక్క చెప్పినవాళ్లం ఇద్దరం, అయ్యవారూ నేనూ. ఇద్దరి తప్పూ సరిగ్గా అయిదున్నర గంటలే కాబట్టి చీర సమయానికి అందింది.