అందరికీ రెండు చెంచాలు

గోదాము క్యాంటీన్‌లో వండే ఆవిడను అందరూ గరిటెమ్మ అంటారు. కోపమొస్తే ఆమె నోటికంటే ముందు గరిటె గిన్నె అంచున మోగుతుంది. మేనేజరు గోడకు చార్టు అంటించి, ఆరోగ్యం కోసం మనిషికి రోజుకు రెండే చెంచాల నూనె, అందరికీ ఒకటే కొలత అన్నప్పటి నుంచీ ఆ మోత ఆగలేదు. నిన్న అర్ధాకలితో పనిలోకి దిగిన హమాలీ ఒకడు బస్తాతో సహా మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డాడు. ఈరోజు ఆమె హమాలీల కూరలో నూనె ధారాళంగా పోసింది.

"చార్టు చూడలేదా?" అన్నాడు మేనేజరు.

"చూశాను సార్. కుర్చీలో కూర్చునేవాళ్లకి సరిగ్గా సరిపోతుంది. ఒక్క బస్తా పైకి మోసుకెళ్లి రండి, మీకూ పోస్తాను."

ఆయన హమాలీల గిన్నె వైపే కంచం చాచాడు. ఆమె ఉడకబెట్టిన కూరగాయలు వడ్డించి, గరిటెతో గోడ చూపించింది.