ఆ కవితల్లో లేని మనిషి

తొంభైల మొదట్లో మా పాప మెదడువాపు జ్వరంతో పోయింది. దానికి నాలుగేళ్లు నిండలేదు. మా ఆయనది యారాడలో చేపలు పట్టే కుటుంబం. పోర్టులో క్రేన్ నడిపేవాడు. నేను స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. పాప పోయాక ఆయన దాని ఊసే ఎత్తలేదు. నాకేమో ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఊపిరాడదు. అలా కవితలు మొదలయ్యాయి.

కొన్నేళ్లకి అవి పుస్తకంగా వచ్చాయి. ఆవిష్కరణ సభలో సగం కుర్చీలు ఖాళీ. ముఖ్య అతిథిగా వచ్చిన విమర్శకుడు, భాష బాగుంది గానీ కవయిత్రి సొంత దుఃఖం దాటి సమాజంలోకి రావాలన్నాడు. ఇంకొకాయన, భార్యని రాయనిచ్చినందుకు మా ఆయన్ని మెచ్చుకుని వేదిక మీదకి పిలిచి శాలువా కప్పించాడు. సభ అయ్యేదాకా ఈయన ఆ శాలువాతోనే తలొంచుకుని కూర్చున్నాడు.

ఒక పత్రిక కన్నీటి కవిత్వమని రెండు ముక్కల్లో తేల్చేసింది. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు కొందరు మాత్రం ఉత్తరాలు రాశారు. అవి చదువుకుంటూ నేను ఏడుస్తుంటే ఆయన చొక్కా తగిలించుకుని బయటికి వెళ్లిపోయేవాడు. అసలు పుస్తకం తెరవనేలేదని నాలో నేను కుమిలిపోయాను.

ఒక ఆదివారం అన్నం వడ్డిస్తూ అడిగేశాను. ఆయన కలుపుతున్న చెయ్యి ఆగింది.

“సదివినాను. మొత్తం సదివినాను. పాప ఉంది, నువ్వున్నావు. నాను ఎక్కడా లేను.”

ఆయన కంచంలోకి చూస్తూ మెల్లగా చెప్పాడు.

“ఆస్పత్రి నుంచి ఆటోలో తెచ్చింది నానే గదా. నువ్వు సొమ్మసిల్లిపోనావు. దాని కాళ్లు సల్లబడిపోతన్నాయని దారంతా సేతుల్తో రుద్దతానే ఉన్నాను. పోనాదని తెలుసు. తెలిసే రుద్దినాను.”

అన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి నాకా సంగతి తెలియదు. రాయనా అని అడిగాను.

“వద్దు. నలుగురూ సదివి ఏటి సేత్తారు? అది నా కాడే ఉండనీ.”

అన్నం వదిలేసి చెయ్యి కడిగేసుకున్నాడు. తర్వాత కూడా మేము పాప గురించి మాట్లాడుకున్నది తక్కువే. రిటైరు కాకముందే గుండెపోటుతో పోయాడు. ఆయన ఉన్నన్నాళ్లూ నేనది రాయలేదు. పోయాక కవితగా రాయబోయాను, ఎన్నిసార్లు మొదలుపెట్టినా అది నా ఏడుపే అయింది. అందుకే ఆయన చెప్పింది చెప్పినట్టు ఇక్కడ పెట్టాను.