నిటారు మామయ్య

నవంబరు మూడో తేదీ, గురువారం. తెల్లవారినప్పటి నుంచీ ముసురు. మా బడి యాభయ్యేళ్ల సంచిక రాతప్రతిని తడవకుండా గుండెకు హత్తుకుని, మా మేనమామ ఫోర్‌మన్‌గా ఉన్న అచ్చాపీసుకు వెళ్లాను. మామయ్యకు ప్రపంచంలో ఒకే ఒక్క పట్టుదల. ఎవరెంత బతిమాలినా ఇటాలిక్ అక్షరాలు, అంటే పక్కకు వాలే అక్షరాలు, తెలుగైనా ఇంగ్లీషైనా అచ్చులో వాడనివ్వడు. అందుకే చుట్టపక్కాలందరికీ ఆయన నిటారు మామయ్య. అక్షరాల పెట్టెలు మోసి మోసి ఆయన కుడి భుజం మాత్రం బెత్తెడు కిందికి వాలి ఉండేది. ఆ మాట ఎత్తితే, "ఇది అక్షరం కాదే, ఎముక!" అనేవాడు.

నిరాకరణ ఒకటే గాని, కారణం మనిషికొకటి. సబ్బుల వ్యాపారితో, "వాలితే సబ్బు జారిపోతుందండీ" అన్నాడు. వకీలుతో, "అక్షరం వాలితే కేసూ వాలుతుంది" అన్నాడు. ఒక కవిగారితో అయితే, "మీ కవిత్వం అసలే ఒరిగి ఉంది, అక్షరాన్నైనా నిలబడనివ్వండి" అన్నాడు. కవిగారు మూడు వీధుల అవతలి అచ్చాపీసుకు మారిపోయారు.

నేను వ్యాకరణం చెప్పి బతికినదాన్ని. ఒక సూత్రం ఇంకొక సూత్రాన్ని కాదంటే నాకు అన్నం సహించదు. పైగా, అప్రస్తుతమైనా చెబుతాను, ఆ అక్షరాలంటే ఆయనకు ప్రాణమని నాకు తెలుసు. కాళ్లకు చిన్న చిన్న పాదాలున్న పాతకాలపు సెరిఫ్ అక్షరాలకు తోడబుట్టినవి అవి. నిటారు అక్షరాన్ని పక్కకు తోసినంత మాత్రాన ఇటాలిక్ కాదు. అది కలం నడకలోంచి పుట్టిన అక్షరం. ఇంగ్లీషు చిన్న 'ఏ' తన టోపీ తీసేస్తుంది, 'ఎఫ్' గీత దిగువకు తోక జారుస్తుంది. ఆ పెట్టెను మామయ్య వారం వారం మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ మూసేసేవాడు.

"మామయ్యా, పుస్తకాల పేర్లు ఇటాలిక్కులో ఉండాలి. అది నియమం. పై అట్ట మీద సంచిక పేరు కూడా."

"కుదరదమ్మాయ్. ఇంగ్లీషు ఎఫ్ మెడ తన సీసపు దిమ్మె దాటి బయటికి పొడుచుకొస్తుంది. పుటుక్కున విరుగుతుంది."

"మా సంచిక పేరు తెలుగు. అందులో ఎఫ్ లేదు."

"పక్కన పెట్టెలో ఉందిగా, బెంగ పెట్టుకుంటుంది!"

ఇక లాభం లేదని యజమాని గదికి నడిచాను. ఆయన లోపలి గది వైపు చూస్తూ గట్టిగా, "అడిగినట్టే వేయిస్తానండీ టీచరమ్మ గారూ. తప్పులు మాత్రం మా ప్రూఫక్కయ్య చూడాలి. ఈ మధ్య రెండు వదిలేసింది. మూడోది వదిలితే ఇంటికి పంపేస్తానని చెప్పేశాను" అన్నాడు.

ప్రూఫక్కయ్య అంటే ఆ లోపలి గదిలో కూర్చుని అచ్చుతప్పులు దిద్దే పెద్దావిడ. నా అన్నవాళ్లు లేరు, ఆ కుర్చీయే ఆమెకు ఇల్లూ వాకిలీ. మామయ్య పనిలో చేరిన కొత్తలో, తలకిందులుగా ఉన్న సీసపు అక్షరాలను చదవడం నేర్పింది ఆవిడే.

వారం తిరగకముందే, యజమాని మాట ప్రకారం వాలు అక్షరాల్లోనే, అట్ట నమూనా సిద్ధమైంది. నేను వెళ్లేసరికి ఆవిడ దాన్ని కిటికీ దగ్గర వెలుగుకు పట్టుకుని ఉంది. మామయ్య వెనకే నిలబడి ఉన్నాడు.

"ఎలా ఉందక్కయ్యా?" అన్నాను.

"ముత్యాల్లా ఉన్నాయి తల్లీ. 'యాభయ్యేళ్ల బడి'. ఒక్క తప్పు లేదు."

కాగితం మీద ఉన్నది 'బడి గంట'. మొదటి పేరు బాగాలేదని, మొన్ననే మామయ్యకు చెప్పి మార్పించాను. ఆవిడ చదివింది రాతప్రతిలోని పాత పేరు, జ్ఞాపకంలోంచి. మామయ్య నా వైపు చూశాడు. ఆ చూపులో పట్టుదల లేదు, ప్రాధేయపడటం ఉంది.

ఎదుటివారి తప్పును దిద్దకుండా వదలడం నా జీవితంలో అదే మొదలు. "అవునక్కయ్యా, ఒక్క తప్పు లేదు" అన్నాను.

మెట్ల దగ్గర మామయ్యను నిలదీశాను.

"అక్కయ్య కళ్లకు పొర కమ్మిందే. నిటారువైతే ఎలాగో చదవగలదు. వాలువి సన్నం కదా, గీతలో గీత కలిసిపోతున్నాయట. కంటి ఆపరేషనంటే భయం."

"మరి సబ్బు జారడం? కేసు వాలడం?"

"అప్పటికప్పుడు నోటికొచ్చింది."

తిన్నగా యజమాని దగ్గరికి వెళ్లాను. "వద్దండీ, అన్నీ నిటారుగానే వేయించండి. బడి అన్నాక పిల్లలు నిటారుగా నిలబడాలి, అక్షరాలూ నిలబడాలి."

ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "మేనమామ పిచ్చి మీకూ అంటుకుందా!"

సంచిక నిటారుగానే వెలువడింది. నియమం తెలిసినవారు నన్ను నేటికీ ఎత్తిపొడుస్తూనే ఉన్నారు. ఎత్తిపొడవనివ్వండి.

చాలా ఏళ్లకు, ఆ అచ్చాపీసు మూతబడ్డాక, మామయ్య నుంచి ఒక ఉత్తరం వచ్చింది. చేతిరాత కాదు, అచ్చు. మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా అన్నీ వాలు అక్షరాలే. అక్కడక్కడ ఎర్ర సిరా దిద్దుబాట్లు.

"అమ్మాయ్, మూసేసేటప్పుడు ఇటాలిక్ పెట్టెను నేను తెచ్చుకున్నాను. అక్కయ్యకు ఎట్టకేలకు రెండు కళ్లకూ ఆపరేషనైంది. కట్టు విప్పగానే, ముందు ఇటాలిక్కులు చూపించరా అంది. అందుకే ఈ ఉత్తరం. ఎఫ్ మెడలన్నీ క్షేమం." అచ్చు కింద, మామయ్య చేతిరాతలో ఇంకో నాలుగు ముక్కలు: "ప్రూఫు అక్కయ్యే చూసింది. ఐదు తప్పులు పట్టుకుని, ఇన్నేళ్లొచ్చినా పని రాలేదని నన్ను చెడామడా తిట్టింది. వాటిలో నాలుగు కావాలనే పెట్టానని ఆవిడతో అనకు. అన్నట్టు, ఐదోది మాత్రం నాకూ తెలియకుండా దొర్లింది, అదీ పట్టేసింది."