అక్క వంచేసిన నూడుల్స్ నీళ్లు

మా చిన్నప్పుడు ఎండలు ముదిరాయంటే చాలు, మా కర్నూలు వీధిలో ఒక దూలం ఇల్లిల్లూ తిరిగేది... పక్కింటి ఖాజాబీ పెద్దమ్మది, శావిగెలు... అదే, ఇంట్లో చేసుకునే సేమ్యాలు, ఒత్తే దూలం. ఈ రోజు మా పంచలో ఉంటే రేపు ఎదురింట్లో. పెళ్లికొడుక్కి కూడా అంత గిరాకీ ఉండేది కాదు.

ఖాజాబీ పెద్దమ్మ సంగతి ఎత్తుకుంటే ఇప్పట్లో తెమలదు. ఒక్కటి చెప్పి వదిలేస్తాను... పొద్దస్తమానం వాళ్లింట్లో తిరిగి మా అక్క ఉర్దూ నేర్చుకుంది. నేను పాయసం తాగడం నేర్చుకున్నాను.

ఆ దూలం కింద చిల్లుల గిన్నె, దాంట్లో పిండిముద్ద. చివర్న పిల్లలు ఎక్కి కూర్చుంటే, ఆ బరువుకి శావిగెలు సన్నగా కిందికి జారేవి. అమ్మ వాటిని పట్టి మంచం మీద గుడ్డపై ఆరేసేది. నేనేమో ఎముకల పోగు. ఒక్కణ్ణే కూర్చుంటే ఒక్క పోగు కూడా రాలేది కాదు. అక్క బొద్దుగా ఉండేది... ఆమె వచ్చి నా వెనక కూలబడితేనే పని జరిగేది.

"నన్ను పట్టుకోరా, గాలికి ఎగిరిపోతావు" అనేది. వీధంతా నవ్వేది.

ఇదంతా మొన్న బెంగళూరులో, ఒక నూడుల్స్ హోటల్లో గుర్తొచ్చింది...

కొంతకాలంగా అక్కకు ముద్ద మింగుడు పడటం లేదు. కర్నూలులో చూపించాం, బెంగళూరు పొమ్మన్నారు. ముందురోజు గొంతులోకి గొట్టం వేసి చూశారు. లోపల గడ్డలాంటిది కనిపిస్తే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. అదేమిటో తేలేదాకా మెత్తటివే పెట్టమన్నారు.

మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి వస్తుంటే, ఒక హోటలు అద్దం మీద గిన్నెడు నూడుల్స్ బొమ్మ చూసి అక్క ఆగిపోయింది.

"రేయ్, శావిగెలు! ఇవైతే దిగుతాయేమో రా."

నెలల తర్వాత తనంతట తాను తింటానన్న మాట అది. ఇంకేం ఆలోచిస్తాను? లోపలికి తీసుకుపోయాను. కూర్చోవడానికి ఎత్తు స్టూళ్లు... అక్క నా భుజం పట్టుకుని మెల్లగా ఎక్కి కూర్చుంది.

పెద్ద గిన్నెలో పొగలు కక్కే పులుసు, అందులో నూడుల్స్ వచ్చాయి. అక్క ముఖం చిట్లించింది.

"ఏమప్పా వీళ్లు... నీళ్లు వంచకుండానే తెచ్చినారే! వంట తెలీనోళ్లు హోటలు పెట్టినారా ఏంది?"

నేను నోరు తెరిచేలోపే పక్కనున్న ఖాళీ గిన్నెలోకి పులుసంతా వంచేసింది. మేము శావిగెలు అలాగే తింటాం మరి... ఉడకేసి, నీళ్లు వంచి, పైన బెల్లం, నెయ్యి.

"బేటీ, థోడా గుడ్ హై క్యా? ఘీ భీ" అని వడ్డించే అమ్మాయిని తన ఉర్దూలో బెల్లం, నెయ్యి అడిగింది.

ఆ అమ్మాయిది ఎక్కడో ఈశాన్యం. వంచేసిన పులుసు వంకా, అక్క వంకా మార్చి మార్చి చూసి, చక్కెర పొట్లాలు తెచ్చిపెట్టింది. నవ్వలేదు. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

"అక్కా, ఆ నీళ్లలోనే బలం ఉండేది."

"శావిగెల నీళ్లు బర్రె కుడితిలో పోస్తారు గానీ, మనుషులు తాగుతారా రా?"

చక్కెర చల్లుకుని ఒక పోగు నోట్లో పెట్టుకుంది. నేను నా గిన్నె ముట్టలేదు. ఆమె గొంతు వైపే చూస్తున్నాను...

దిగలేదు.

దగ్గు తెర. కళ్లలో నీళ్లు. ఆ అమ్మాయి పరిగెత్తుకొచ్చి వీపు నిమిరింది. పోగు బయటికి వచ్చేసింది.

అప్పుడు అక్క తానే ఆ వంచేసిన గిన్నె దగ్గరికి లాక్కుంది. గుక్క తాగింది. ఆగింది. ఇంకో గుక్క.

"ఇది పోతాంది రా లోపలికి" అంది. తర్వాత తనే నవ్వింది. "చూడు, నా బతుక్కి ఇంక కుడితే గతి."

నవ్వాలో ఏడవాలో తెలియక నేనూ నవ్వాను.

స్టూలు మీద నుంచి దింపడానికి చంకల కింద చేతులు వేసి ఎత్తాను... పైకి వచ్చేసింది. నా చేతులకు బరువే తెలియలేదు. దూలం మీద నా బరువు కూడా తనే మోసిన మనిషి.

నా ముఖం చూసి కనిపెట్టేసింది. "గట్టిగా పట్టుకోరా... గాలికి ఎగిరిపోతానేమో" అంది.

పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. ఇప్పుడు శావిగెలు పొట్లాల్లో దొరుకుతున్నాయి, దూలాలు ఏ పొయ్యిలోకి పోయాయో... మీ ఇళ్లల్లోనూ ఉండేదా అది? దాని మీద మీ వెనక ఎవరు కూర్చునేవారు? వాళ్లు ఈ పూట ఏం తిన్నారో ఒకసారి కనుక్కుని, ఇక్కడ చెప్పండి...