పెద్దబాపు చూపు

గర్షకుర్తిలో ముప్ఫయ్యేళ్లుగా సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తున్న రామచంద్రం ఒకే ఒక్క సినిమాలో నటించాడు. అందులోనూ చివరికి చచ్చిపోయాడు. పెళ్లిళ్ల వీడియోలు తీసే చొప్పదండి సాయిచంద్ యూట్యూబులో పెట్టిన ‘ఇసుకోళ్ల ఇల్లు’ అది. మానేరు ఇసుకను దొంగతనంగా తోలుకునే కుటుంబం కథ. షెడ్డులో నూలు కండెలు చుట్టే బాలవ్వ అందులో ఆ ఇంటి అవ్వ, రామచంద్రం ఇంటిని ఏలే పెద్దబాపు. ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ రెప్ప వేయకుండా అతని మూతి వంకే చూస్తాడు. కాసేపు ఆగి రెండు వేళ్లు కదుపుతాడు. అంతే, వాడి పని అయిపోయినట్టే. ఆరేళ్లయినా ఊళ్లో అతన్ని పెద్దబాపనే పిలుస్తారు. సన్మానసభలో ఒక పెద్దమనిషి శాలువా కప్పి, ఆ చూపు సరస్వతీ కటాక్షమన్నాడు.

కటాక్షమూ లేదు, కాకరకాయా లేదు. సాంచెల మోతకు రామచంద్రం చెవులు పోయాయి. షెడ్డులో ఎవరైనా పెదవులు చూసే మాట్లాడుకుంటారు. అతనికి బయటా అదే గతి. సంగతి భార్య శంకరవ్వకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇప్పుడు రెండో భాగం తీస్తున్నారు. సగం పెద్దబాపు పోయాక అతని కొడుకు పెత్తనం, సగం పెద్దబాపు పడుచుతనం. పాతవాళ్లందరికీ వేషాలున్నాయి, చచ్చినవాడికి తప్ప. పడుచు పెద్దబాపుగా వేస్తున్నది వెస్లీ, మిషన్ చర్చిలో గిటారు వాయించే పాతికేళ్లవాడు.

“గా చూపు జర మావోనికి నేర్పియ్యరాదే పెద్దబాపూ,” అన్నాడు సాయిచంద్.

సాయిచంద్ వెళ్లాక శంకరవ్వ మొగుడి ఎదుటికొచ్చి నిలబడింది. “అసలు ముచ్చట చెప్పినవనుకో, రేపటిసంది పెద్దబాపు పోయి చెవిటోడు మిగులుతడు.”

ఆ భయం రామచంద్రానికీ ఉంది. అందుకే రెండు రోజులు ఊరికే చూడమన్నాడు. వెస్లీ కళ్లు పెద్దవి చేసి చూశాడు.

“కండ్లల్ల నలుసు వడ్డదా బిడ్డా?” అంది శంకరవ్వ.

మూడో రోజు రామచంద్రం వాణ్ని షెడ్డుకు తీసుకెళ్లి సాంచెల నడుమ నిలబెట్టాడు. వెస్లీ ఏదో అరిచాడు, అరుపు తనకే వినపడలేదు. నాలుగు సాంచెల అవతలి నుంచి రామచంద్రం పెదవులు కదుపుతుంటే, మధ్యాహ్నానికి వెస్లీకి ఆ మూతి వంకే చూడక తప్పలేదు.

అన్నం వేళ సాంచెలు ఆగాయి. వెనక నుంచి వెస్లీ రెండుసార్లు పిలిచాడు. రామచంద్రం తిరగలేదు. వాడు ముందుకొచ్చి నిలబడ్డాడు.

రామచంద్రం వాడి ముఖం చూసి, ఇక దాచలేదు. “నాకు ఇనవడదు బిడ్డా. గందుకే మూతులు చూస్త. నటన ఏం లేదు.”

వెస్లీ జాలిపడలేదు. “మరి గా రెండు వేళ్లు?”

“సాంచె బంద్ చెయ్యుమని. షెడ్ల గట్లనే చెప్తం.”

మామిడితోటలో షూటింగు. వెస్లీ చూసిన చూపుకు ఎదుటి విలను తన డైలాగు మరిచిపోయాడు. సాయిచంద్ వాణ్ని పక్కకు తీసుకెళ్లి ఏదో అడిగాడు. యాభై అడుగుల దూరంలో మంచం మీద కూర్చున్న రామచంద్రానికి సాయిచంద్ వీపు, వెస్లీ మూతి కనిపిస్తున్నాయి. ఆ చూపు సంగతే అడిగి ఉంటాడని మెడ సాచాడు.

వెస్లీ పెదవులు కదిలాయి. “ఇంటి ముచ్చటన్నా. బయట చెప్పద్దు.”

పక్కనే కూర్చున్న శంకరవ్వ మొగుడి భుజం తట్టి తనవైపు తిప్పుకుంది. “ఏమంటుండు వాడు?”

రామచంద్రం ఆమె మూతి వంక చూశాడు. కాసేపు ఆగి, రెండు వేళ్లు కదిపాడు.

“సినిమాల సచ్చినోనివి, నాతోని గీ ఏషాలేంది?” అంది శంకరవ్వ. “చెప్పు.”