గేటు దగ్గర రెండు ప్రశ్నలు

మా టీచరమ్మ పోయారు. పోయిన నెల, మధ్యాహ్నం పూట, మా ఇంట్లోనే. నేనప్పుడు రొయ్యల కంపెనీలో షిఫ్టులో ఉన్నాను. లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. షిఫ్టు దిగి, వేళ్లకి పట్టిన ఐసు చల్లదనం పోకముందే లాకరు తీస్తే అమ్మవి ఏడు మిస్డ్ కాల్స్. వాటి కింద చర్చి వాళ్ల మెసేజ్: 'ప్రభువునందు నిద్రించారు.'

నిద్రించడమేమిటి అనుకున్నాను. చిన్నప్పుడు బడిలో అన్నాలయ్యాక మమ్మల్నందరినీ చాపల మీద వరసగా పడుకోబెట్టి, తను మాత్రం గుమ్మానికి వీపు ఆనించి కళ్లు తెరుచుకుని కూర్చునేవారు ఆవిడ. ఏ పిల్లాడు లేచి గేటు వైపు నడుస్తాడోనని. ముప్పై ఏళ్లకి పైగా పగటిపూట కన్ను మూయని మనిషి. అలాంటి మనిషి పట్టపగలు కళ్లు మూశారంటే కాపలా కాయడానికి పిల్లలు మిగల్లేదనే అర్థం. ఆ పిల్లల్ని లేకుండా చేసిందెవరో కూడా చెప్తాను. అది చెప్పకుండా ఆవిడని పొగడ్డం నా వల్ల కాదు.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. అక్షరాలు టీచరమ్మ దగ్గర దిద్దాను. మిగతాదంతా పకోడీ పొట్లాల కాయితాలూ, యూనియన్ కరపత్రాలూ చదివి నా అంతట నేను నేర్చుకున్నది. తప్పులుంటే ఉంటాయి.

వన్ టౌన్‌లో పాత చర్చి వెనకాల రెండు గదులు, ఒక వరండా, ఆకుపచ్చ ఇనప గేటు. దానికి బోర్డు మీద పెద్ద పేరే ఉండేది గానీ మాకందరికీ అది చర్చి బడి. మూడేళ్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు. చర్చి కుటుంబాల పిల్లలు, హార్బరుకి పోయే మాలాంటి వాళ్ల పిల్లలు, పక్క వీధి టైలరు సాయిబుల పిల్లలు. పొద్దున్నే పోర్టు వైపు నుంచి వచ్చి వాలిన నల్ల దుమ్మును టీచరమ్మ తడిగుడ్డతో తుడుస్తుంటే మేం ఆవిడ చీర కుచ్చిళ్లు పట్టుకుని వెనకాలే తిరిగేవాళ్లం. ఆవిడ గాజుకి ఎప్పుడూ నాలుగైదు పిన్నీసులు వేలాడుతుండేవి, గుండీలు ఊడిన లాగూల కోసం. అన్నం ముందు ప్రార్థన. ఒకసారి ఒక సాయిబుల పిల్లాడు మాలాగా చేతులు జోడించకుండా అరచేతులు పైకి పెట్టుకుని కూర్చుంటే ఎవరో ఫిర్యాదు చేశారు. "చేతులెలా పెట్టుకున్నా ఆయనకి వినబడుతుందిలే. నువ్వు ముందు నీ అన్నం మీద ఈగ వాలకుండా చూసుకో" అన్నారు ఆవిడ.

ఇవన్నీ ఏ మంచి టీచరైనా చేస్తుంది. ఇంకెవరూ చెయ్యనిది సాయంత్రం గేటు దగ్గర జరిగేది.

నాలుగింటికి గేటు సగం తీసేవారు. మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ పిలిచి, మణికట్టు పట్టుకుని గేటు దాకా నడిపించేవారు. అవతల అమ్మో, నాన్నో, మామ్మో నిలబడి ఉంటారు. టీచరమ్మ వాళ్లతో మాట్లాడేవారు కాదు. వంగి పిల్లనడిగేవారు.

"ఎవరొచ్చారమ్మా?"

"మాయమ్మ."

"వెళ్తావా?"

"ఎల్తాను."

అప్పుడు వదిలేవారు చెయ్యి. ప్రతి పిల్లకీ, ప్రతి రోజూ. మా అమ్మ హార్బరు నుంచి చేపల బుట్ట నెత్తిమీద పెట్టుకునే వచ్చేది. ఓ రోజు విసుక్కుంది.

"రోజూ సూత్తన్నారు కదండి నన్ను. మళ్లీ ఇదేటి?"

"నేను చూస్తున్నానమ్మా. పిల్ల కూడా చూడాలి కదా. పిల్ల చెప్పాలి."

ఒకాయన యూనిఫాం మీద వచ్చి, తన కొడుకుని తనకివ్వడానికి ఈ పరీక్షేమిటని గొడవపడ్డాడు. ఆవిడ పిల్లాడిని అడిగారు. వాడు చెప్పాడు. ఆవిడ వదిలారు. అంతే.

నాకు నాలుగేళ్లప్పుడు మా నాన్న వచ్చాడు. అప్పటికి అమ్మ ఆయన్ని వదిలేసి భీమిలి నుంచి వచ్చేసి ఏడాది. ఆ రోజు గేటు దగ్గర ఆయన చేతిలో బిస్కట్ పొట్లం. టీచరమ్మ నా మణికట్టు పట్టుకుని అడిగారు, ఎవరొచ్చారని. నాన్న అన్నాను. అబద్ధమెందుకు, నాన్నే. వెళ్తావా అన్నారు. బిస్కట్లు చూశాను. ఆయన్ని చూశాను.

"ఎల్లను."

"విన్నారు కదా" అన్నారు టీచరమ్మ.

"నాలుగేళ్ల గుంటకేటి తెలుసు? నా కూతుర్ని నాను తీసుకెల్తంటే మద్దిలో నువ్వెవులు?"

"మధ్యలో నేనెవరినీ కాను. పిల్ల వెళ్లనంది. ఇలా కూర్చోండి, వాళ్లమ్మ వస్తుంది."

గేటు లోపల గోడవార ఒక పొడుగాటి చెక్క బల్ల ఉండేది. మా నాన్న అరిచాడు, గేటుని తన్నాడు, చివరికి ఆ బల్ల మీద కూర్చున్నాడు. టీచరమ్మ గ్లాసుతో నీళ్లిచ్చారు. తాగాడు. ఇంకో గ్లాసు అడిగి తాగాడు. మా అమ్మ వచ్చేసరికి అలా తలొంచుకునే ఉన్నాడు. బిస్కట్ పొట్లం బల్ల మీద వదిలేసి భీమిలి బస్సుకి వెళ్లిపోయాడు. అంతసేపూ టీచరమ్మ నా మణికట్టు వదల్లేదు. గట్టిగా కూడా పట్టుకోలేదు.

ఆ రోజు ఆవిడ నన్ను కాపాడారని అమ్మ అందరికీ చెప్పుకునేది. నేననేది అది కాదు. నాలుగేళ్ల ఆడపిల్ల ఒక మాటంటే అంత మగమనిషి ఆగిపోయి కూర్చోవడం నేను చూశాను. అది చూసినదాన్ని తర్వాత ఎవడూ బెదిరించలేకపోయాడు. కంపెనీలో సూపర్‌వైజరు మమ్మల్ని అడక్కుండా రెండో షిఫ్టుకి పేర్లు రాసేసుకుంటే, "ఉంటారా అని అడిగేరా మీరు? నానుండను" అని గ్లౌజులు తీసి బల్ల మీద పెట్టింది నేనే. నా వెనకాల ఇంకో తొమ్మండుగురు పెట్టారు. అది యూనియన్ నేర్పిందనుకుంటారు. చర్చి బడి గేటు దగ్గర నేర్చుకున్నాను దాన్ని.

ఇప్పుడు నా సంగతి.

మా గుంటడిని కూడా మూడేళ్లప్పుడు అక్కడే వేశాను. ఏడాది చదివాడు. ఈలోగా మా ఇళ్ల లైనులో అందరూ పిల్లల్ని ఇంగ్లీషు ప్లే స్కూళ్లకి మార్చేశారు. ఇంటి ముందుకి పసుప్పచ్చ వ్యాను వస్తుంది, టై కట్టుకుంటారు, రైమ్స్ చెప్తారు. నా కొడుకు మాత్రం దేనికి తక్కువ అనుకున్నాను. సీతమ్మధారలో ఒకదాంట్లో సీటు మాట్లాడేసి, షిఫ్టుకి షిఫ్టుకి మధ్య ఆటో నిలబెట్టి వాడిని తీసుకెళ్లడానికి వచ్చాను.

"ఎవరొచ్చారు నాన్నా?"

"అమ్మ."

"వెళ్తావా?"

వాడు నా మొహం చూశాడు. మళ్లీ ఈ బడికి రావని ముందు రోజే చెప్పాను వాడికి.

"ఎల్లను" అన్నాడు.

"కూర్చో" అన్నారు టీచరమ్మ నాతో, బల్ల చూపించి.

"కూచోడానికి టైము లేదండి. ఆటో ఆగుంది."

"వాడు వెళ్లనన్నాడు."

"నాలుగేళ్లోడికేటి తెలుసండి? నాను వాడి అమ్మని."

వాడి రెండో చెయ్యి పట్టుకుని లాగాను. ఒక్క క్షణం వాడు ఇద్దరి మధ్యా ఉన్నాడు. చెయ్యి నొప్పి పుడుతుందని టీచరమ్మే వదిలేశారు. ఆటో వీధి మలుపు తిరిగాక గానీ నాకు అర్థం కాలేదు, ఆ మాట అంతకుముందు ఎవరి నోట విన్నానో. మా నాన్న వల్ల కానిది నేను చేసి చూపించాను.

ఆ ప్లే స్కూలు వ్యానువాడు వీధి చివర ఎవరు చెయ్యెత్తితే వాళ్ల దగ్గర పిల్లల్ని దింపేసి పోయేవాడు. అదీ మేం మెచ్చుకుని వెళ్లిన చదువు.

ఈ ఏడాది మొదట్లో చర్చి కమిటీ బడి మూసేస్తామంది. ఆ స్థలంలో షాపులు కడతారట. నేను చర్చి మనిషిని కాదు, అయినా ఆ మీటింగుకి వెళ్లాను. తిట్టడానికే వెళ్లాను, తిట్టాను కూడా. ఇన్నేళ్లు వీధి పిల్లలందరినీ పెంచిన బడికి షట్టర్లు బిగిస్తారా, సిగ్గుండాలి అన్నాను. కమిటీ పెద్దాయన నన్ను అరవనిచ్చి, నెమ్మదిగా అడిగాడు.

"ఆరుగురు పిల్లలున్నారు తల్లీ. ఆరుగురు. నీ కొడుకు ఎక్కడ చదువుతున్నాడు?"

ఆయన్ని నేనింకా క్షమించలేదు. షాపుల మీద ఆయన కన్ను ముందునుంచీ ఉందని ఇప్పటికీ అంటాను. కానీ ఆయన అడిగింది నిజం. బడిని కమిటీ మూసింది, ఖాళీ చేసింది మేం. గేటు దగ్గర ఒక్కొక్క పిల్లాడినీ మా చేతుల్తో మేమే లాక్కుపోయాం.

ఆఖరి రోజు పాత పిల్లలం చాలామందిమి వెళ్లాం. నాతో అమ్మా, మా గుంటడూ వచ్చారు. టీచరమ్మ ఆ ఆరుగురినీ ఎప్పట్లాగే ఒక్కొక్కరిగా పంపించారు. ఆఖరున టైలరు గారి మనవరాలు. "తాతొచ్చాడు", "వెళ్తాను" అంది. చెయ్యి వదిలారు. వదిలిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక కొంగుకి తుడుచుకున్నారు.

ఆవిడ పెళ్లి చేసుకోలేదు. బడి వెనక చిన్న గదిలోనే ఉండేవారు. బడితో పాటు గదీ పోయింది. ఆనందపురం నుంచి ఆవిడ తమ్ముడి కొడుకు కారేసుకుని వచ్చాడు. మంచివాడే. సంచులు రెండూ డిక్కీలో పెట్టి తలుపు తీసి నిలబడ్డాడు. టీచరమ్మ గేటు దాకా నడిచారు. అప్పుడు మా గుంటడు వెళ్లి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు.

"టీచరమ్మా, ఎవులొచ్చేరు?"

ఎవరో నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. కారు దగ్గర నిలబడ్డ కుర్రాణ్ణి కిందనుంచి పైదాకా చూశారు.

"మా తమ్ముడి కొడుకు."

"ఎల్తావా?"

ఇన్నేళ్లలో ఆవిడని ఆ మాట అడిగిన వాళ్లు లేరు. కమిటీ అడగలేదు, మేమూ అడగలేదు. ఆవిడ వాడి చేతి వైపు చూశారు.

"వెళ్లను" అన్నారు.

"అత్తా, ఇదేటి? గది రెడీ సేసేం. మంచం కూడా కొత్తది కొన్నాం" అన్నాడు ఆ అబ్బాయి.

"నువ్వు మంచివాడివిరా. కానీ వెళ్లను."

"మరెక్కడుంటావు?"

దానికి జవాబు నా దగ్గర ఉంది.

"మా ఇంట్లో" అన్నాను. "విన్నారు కదా, ఆవిడ ఎల్లనన్నారు."

మా అమ్మ వెనకనుంచి నన్ను గిల్లింది. "ఒలే, మనకున్నవే రెండు గదులు" అని గొణిగింది. గొణుగుతూనే డిక్కీలోంచి ఒక సంచి తీసి నెత్తిన పెట్టుకుంది. "టీచరమ్మా, మా గుంటడు నిద్దట్లో కాళ్లు తంతాడు. ముందే సెప్తన్నాను మరి."

బడి సామానంతా పారేస్తున్నారని తెలిసి మర్నాడు తోపుడు బండి తీసుకెళ్లి ఆ బల్ల తెచ్చేశాను. మా ఇంటి ముందు గోడవార వేశాను. "ఇదెందుకే?" అన్నారు టీచరమ్మ. "ఒకరోజు దీని మీద కూచోమన్నారు మీరు. నాను కూచోలేదు" అన్నాను. "గుర్తుంది" అన్నారు.

ఐదు నెలలున్నారు మాతో. పొద్దున్నే బల్ల మీద దుమ్ము తుడిచి కూర్చునేవారు. వీధి పిల్లలు చుట్టూ చేరేవాళ్లు. ఎవరి తల్లైనా వచ్చి పిల్లని పిలిస్తే, పక్కనుంచి ఇంకో పిల్ల "ఎల్తావా?" అని అడిగేది. మా లైనులో తల్లులందరూ విసుక్కోవడం మొదలుపెట్టారు. మా గుంటడికి టై పోయింది. వెనక వీధి మునిసిపల్ బడికి మారతావా అని ఈసారి వాడినే అడిగాను, మారతానన్నాడు.

చనిపోయాక తమ్ముడి కొడుకు వచ్చాడు. ఏడ్చాడు. కాసేపాగి నన్ను పక్కకి పిలిచాడు. "ఆనందపురంలో మాకు సమాధుల స్థలముంది. తీసుకెల్లనా, ఇక్కడే పెడదామా?" అన్నాడు. నన్నెందుకు అడగడం అన్నాను, ఆవిడ ముందే చెప్పారు కదా. అతను తలూపాడు. ఇక్కడే పెట్టాం. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే సాయిబుల పిల్లాడు, ఇప్పుడు గడ్డమొచ్చిన మనిషి, అరచేతులు పైకి పెట్టుకుని నిలబడ్డాడు.

నిన్న సాయంత్రం షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, అన్నానికి రమ్మని గుంటడిని పిలిచాను. వీధిలో గోళీలాడుతున్నాడు.

"వత్తావా?"

తలెత్తి నన్ను చూశాడు.

"ఇప్పుడే రాను."

వెళ్లి రెక్క పట్టుకుందామనే అడుగు వేశాను. పక్కన బల్ల ఉంది. ఒక చివర చెక్క నున్నగా ఉంటుంది, ఆవిడ కూర్చున్న చోటు. రెండో చివర దుమ్ము పట్టి ఉంది. కొంగుతో తుడిచి, అక్కడ కూర్చున్నాను.